మీకు తెలుసా? గోల్ఫ్ బంతిని కొట్టేది కాళ్లే!

గోల్ఫ్ అనగానే మనకు గుర్తొచ్చేది పొడవాటి క్లబ్బు, దాన్ని బిగించి పట్టుకున్న రెండు చేతులు. నిజానికి చేతులది చివరి పని. అంతకుముందే పాదం, మోకాలు, తుంటి, మొండెం వరుసగా తమ వంతు పని కానివ్వాలి. అందుకే అనుభవమున్న కోచ్‌ల చూపు ఆటగాడి చేతుల కంటే ముందు కాళ్ల మీద పడుతుంది. ఆ కాళ్ల కథలు, ఒళ్లు తిరిగే తీరులోని విశేషాలు కొన్ని ఇవిగో. ఓ చిన్న మాట: ఇక్కడ కుడి, ఎడమ అన్నవన్నీ కుడిచేతివాటం ఆటగాడి లెక్కలో చెప్పినవి. అతనికి ఎడమ పాదం బంతి వెళ్లాల్సిన వైపు ఉంటుంది. ఎడమచేతివాటం వాళ్లు తిరగేసి చదువుకుంటే సరి.

అంతా పావు సెకను పనే

గోల్ఫ్ బంతి బరువు 45.93 గ్రాములు దాటకూడదు, వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఇది నిబంధన. ఇంత చిన్న బంతి కోసం అగ్రశ్రేణి ఆటగాళ్లు డ్రైవర్ అనే పొడవైన క్లబ్బు తలను గంటకు 180 కిలోమీటర్లకు పైగా వేగంతో విసురుతారు. క్లబ్బును వెనక్కి ఎత్తడానికి సుమారు ముప్పావు సెకను, కిందికి దించి బంతిని తాకడానికి పావు సెకను పడుతుంది. క్లబ్బు, బంతి ఒకదానికొకటి ఆనుకుని ఉండేది సెకనులో 2 వేలో వంతు మాత్రమే. ‘ఇప్పుడు తుంటి తిప్పాలి, ఇప్పుడు చేయి వదలాలి’ అని ఆలోచించే వ్యవధి ఎవరికీ ఉండదు. సాధనలోనే ఒంటికి వరుస పట్టుబడాలి.

మూడుకు ఒకటి

జాన్ నోవొసెల్ అనే అమెరికన్, పేరున్న ఆటగాళ్ల స్వింగ్ (క్లబ్బును వెనక్కి ఎత్తి బంతిని కొట్టే కదలిక) వీడియోలను ఫ్రేము ఫ్రేముగా లెక్కపెట్టారు. సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో కొందరికి వెనక్కి 27, కిందికి 9 వచ్చాయి. కొందరికి 24, 8. ఇంకొందరికి 21, 7. వేగం ఎవరిది వారిదే, నిష్పత్తి మాత్రం 3కు 1. ఈ సంగతినే ఆయన 2004లో ‘టూర్ టెంపో’ పేరుతో పుస్తకంగా తెచ్చారు. సాధారణ ఆటగాళ్లలో చాలామంది క్లబ్బును మరీ నింపాదిగా వెనక్కి తీసుకెళ్తారు. అక్కడే లయ చెడుతుంది.

మనం నేలను నొక్కితే, నేల మనల్ని నెడుతుంది

ఎంత కండబలం ఉన్నవాడైనా జారే గచ్చు మీద నిలబడి క్లబ్బు గట్టిగా విసరలేడు. కారణం న్యూటన్ మూడో సూత్రం. పాదం నేలను ఎంత బలంతో నొక్కితే నేల అంతే బలంతో తిరిగి నెడుతుంది. ఆ తోపుడే తుంటిని తిప్పుతుంది. శాస్త్రవేత్తలు ఆటగాడి పాదాల కింద ఫోర్స్ ప్లేట్లు అమర్చి దీన్ని కొలుస్తారు. అందులో మూడు రకాల బలాలు కనిపిస్తాయి. కుడి నుంచి ఎడమకు ఒళ్లు జరిపేది ఒకటి, మెలితిప్పేది ఇంకొకటి, పైకి లేపేది మూడోది. బంతిని చాలా దూరం కొట్టేవాళ్లలో ఎడమ పాదం కింద నమోదయ్యే నిలువు బలం తరచూ వాళ్ల శరీర బరువును మించిపోతుంది. అది కూడా బంతిని తాకే క్షణంలో కాదు, అంతకు కాస్త ముందే.

ముందు తుంటి, చివర క్లబ్బు

క్లబ్బు కిందికి దిగేటప్పుడు ముందుగా గరిష్ఠ వేగం అందుకునేది తుంటి. తర్వాత మొండెం, ఆ తర్వాత చేతులు, అన్నిటికన్నా చివర క్లబ్బు. ప్రతి భాగమూ తన గరిష్ఠ వేగం చేరాక నెమ్మదించి, ఆ వేగాన్ని పై భాగానికి అప్పగిస్తుంది. అందుకుంటున్న ప్రతిదీ ముందుదాని కంటే జోరుగా తిరుగుతుంది. మేటి ఆటగాళ్లలో చివరికొచ్చేసరికి క్లబ్బు సెకనుకు 2,000 డిగ్రీలకు మించిన వేగంతో తిరుగుతుంటుంది. కొత్తవాళ్లు చేసే మామూలు పొరపాటు ఈ వరుసను తలకిందులు చేయడం. పైన భుజాలు, చేతులు ముందే తొందరపడతాయి. తుంటి ఇంకా కదలకముందే క్లబ్బు వచ్చేస్తుంది. బలం ఎంత పెట్టినా దూరం రానిది ఇందుకే.

తడిబట్ట పిండినట్టు

తడిబట్టను రెండు చేతులా పట్టుకుని పిండేటప్పుడు ఒక చేయి బిగబట్టి ఉంచుతుంది, రెండోది మెలితిప్పుతుంది. రెండు చేతులూ ఒకే వైపు తిరిగితే నీరు రాలదు. గోల్ఫ్ స్వింగ్‌లోనూ అంతే. క్లబ్బు పూర్తిగా వెనక్కి వెళ్లేసరికి భుజాలు సుమారు 90 డిగ్రీలు తిరిగితే, తుంటి అందులో సగమే తిరుగుతుంది. ఈ తేడాను ‘ఎక్స్ ఫ్యాక్టర్’ అంటారు. అమెరికన్ కోచ్ జిమ్ మెక్లీన్ 1992లో ఓ గోల్ఫ్ పత్రికలో రాసిన వ్యాసంతో ఈ మాట ప్రచారంలోకి వచ్చింది. భుజాలు ఎంత తిరిగాయన్నది ఒక్కటే కాదు, తుంటికీ భుజాలకూ మధ్య ఎంత ఎడం ఉందన్నది దూరాన్ని తేలుస్తుందని ఆయన చూపించారు.

పైపని ముగియకముందే కిందిపని మొదలు

క్లబ్బు పూర్తిగా వెనక్కి వెళ్లి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు కిందికి వస్తుందని చూసేవాళ్లకు అనిపిస్తుంది. నిజానికి చేతులు ఇంకా వెనక్కి వెళ్తుండగానే పాదాల కింది ఒత్తిడి ఎడమవైపు మళ్లడం మొదలవుతుంది. ఆ వెంటనే తుంటి లక్ష్యం వైపు తిరుగుతుంది. అంటే కొద్దిసేపు నడుము కింది భాగం ముందుకూ, పైభాగం వెనక్కూ కదులుతుంటాయి. తుంటికీ భుజాలకూ మధ్య ఎడం మరికాస్త పెరిగేది అప్పుడే. మంచి ఆటగాణ్ని మామూలు ఆటగాణ్నించి వేరు చేసే ఘట్టం ఇదే.

హోగన్ పెట్టిన పాదాలు

అలనాటి మేటి ఆటగాడు బెన్ హోగన్ 1957లో వెలువరించిన ‘ఫైవ్ లెసన్స్’ గోల్ఫ్ నేర్చుకునేవాళ్లు ఇప్పటికీ తెరిచే పుస్తకం. కుడి పాదాన్ని లక్ష్యరేఖకు నిట్టనిలువుగా పెట్టాలని, ఎడమ పాదపు వేళ్లను మాత్రం కాస్త లక్ష్యం వైపు తిప్పాలని అందులో చెప్పారాయన. కుడి పాదం అలా ఉంటే వెనక్కి తిరిగేటప్పుడు తుంటి అతిగా తిరగదు. ఎడమ పాదం విచ్చుకుని ఉంటే ముందుకు తిరిగేటప్పుడు తుంటికి దారి దొరుకుతుంది. క్లబ్బు కిందికి దిగడాన్ని మొదలుపెట్టాల్సింది తుంటేనని కూడా గట్టిగా చెప్పారు.

కాళ్ల విలువ ఆయనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు! 1949 ఫిబ్రవరిలో ఆయన కారును బస్సు ఢీకొంది. కటి ఎముక, కాలర్ ఎముక, ఎడమ చీలమండ విరిగాయి. మళ్లీ నడవడమే కష్టమనుకున్నారు. 1950 జూన్‌లో కాళ్లకు పట్టీలు చుట్టుకుని మెరియన్‌లో యు.ఎస్. ఓపెన్ ఆడారు. ఒకేరోజు 36 హోల్స్, మర్నాడు ప్లేఆఫ్‌లో ఇంకో 18 హోల్స్ నడిచి టైటిల్ గెలిచారు. మేజర్లు అనే అతిపెద్ద టోర్నీల్లో 1953లో తాను ఆడిన మూడింటినీ గెలుచుకున్నారు.

మడమ ఎత్తాలా, వద్దా?

18 మేజర్లు గెలిచిన జాక్ నిక్లాస్ క్లబ్బును వెనక్కి ఎత్తేటప్పుడు ఎడమ మడమ నేల వదిలి పైకి లేచేది. 1930లో ఒకే ఏడాది గ్రాండ్‌స్లామ్ కొట్టిన బాబీ జోన్స్‌దీ అదే పద్ధతి. మడమ లేస్తే తుంటి ఎక్కువ తిరుగుతుంది, నడుం మీద భారం తగ్గుతుంది. మడమను తిరిగి నేలకు దించడమే క్లబ్బు దిగడానికి సంకేతంగా పనిచేస్తుంది. ఇటీవలి తరాలు మాత్రం రెండు పాదాలూ నేలకు అంటించి ఉంచడానికే మొగ్గుచూపాయి. తుంటిని కట్టేసి భుజాలను తిప్పితే ఎడం పెరుగుతుందన్నది వాళ్ల లెక్క. ఒంట్లో సాగుదల తగ్గినవాళ్లకు, వయసు మీదపడ్డవాళ్లకు పాతపద్ధతే సుఖమని చెప్పే కోచ్‌లు నేటికీ ఉన్నారు.

జుట్టు పట్టుకుని నేర్పిన పాఠం

నిక్లాస్‌కు చిన్నప్పుడు ఆట నేర్పింది జాక్ గ్రౌట్. ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ నగరంలో ఉన్న సయోటో క్లబ్‌లో ఆయన కోచ్. గ్రౌట్ పట్టుబట్టిన విషయాలు ముఖ్యంగా రెండు. తల కదలకూడదు, చీలమండలు చక్కగా దొర్లాలి. తల కదలకుండా ఉండటానికి ఒకరు ఎదురుగా నిలబడి కుర్రాడి జుట్టు పట్టుకునేవారు. అతను స్వింగ్ చేయాలి. తల కదిలిందో, నొప్పి తప్పదు! తల నిలకడగా ఉండి కింద చీలమండలు లోపలికీ బయటికీ దొర్లితే బరువు పాదం నుంచి పాదానికి దానంతటదే మారుతుంది.

చెప్పుల్లేని చాంపియన్

పీజీఏ టూర్‌లో 82 విజయాలు సాధించిన సామ్ స్నీడ్ వర్జీనియా కొండల్లో పుట్టి పెరిగారు. చిన్నప్పుడు ఒట్టి కాళ్లతోనే ఆడారు. పెద్దయ్యాక కూడా స్వింగ్ గాడి తప్పిందనిపిస్తే బూట్లు విప్పేసి సాధన చేసేవారు. ఒట్టి పాదాలతో నిలబడ్డవాడు అతిగా ఊగితే జారిపోతాడు. కాబట్టి ఒళ్లు తనంతట తానే అదుపులోకి వస్తుంది. క్లబ్బు దించడం మొదలుపెట్టగానే ఆయన మోకాళ్లు రెండూ ఎడంగా విచ్చుకుని, కాస్త కూర్చున్నట్టు కనిపించేవారు. ఆ భంగిమకు ‘స్నీడ్ స్క్వాట్’ అన్న పేరే స్థిరపడింది. కిందికి కుంగడం దేనికంటే, మరుక్షణం నేలను తన్ని పైకి లేవడానికి.

మునివేళ్ల మీద లేచేవాళ్లు

2017, 2022 సంవత్సరాల్లో పీజీఏ చాంపియన్‌షిప్ గెలిచిన జస్టిన్ థామస్ సన్నగా ఉంటారు. అయినా బంతిని బహు దూరం కొడతారు. నెమ్మదిగా తిప్పిన వీడియో చూస్తే బంతిని తాకే వేళ ఆయన మడమలు గాల్లో ఉంటాయి. మహిళల్లో లెక్సీ థాంప్సన్ కూడా అలాగే. ఇది వేషం కాదు. ఎడమ కాలిని ఒక్కసారిగా నిటారుగా చాపితే ఎడమ తుంటి వెనక్కీ పైకీ పోతుంది, దాంతో మొండెం ఇంకా వేగంగా తిరుగుతుంది. అంత బలంగా నేలను నెట్టినప్పుడు మడమలు లేవడం సహజం.

జారే పాదంతో ప్రపంచ నంబర్ వన్

స్కాటీ షెఫ్లర్ కాళ్లు చూస్తే పాఠ్యపుస్తకం రాసినవాళ్లు తలపట్టుకుంటారు. బంతిని తాకే సమయంలో ఆయన కుడి పాదం ఉన్నచోట ఉండదు. ఎడమ పాదం వైపు, దాని వెనక్కి జారిపోతుంది. ఒక్కోసారి రెండు కాళ్లూ మెలిక పడ్డట్టు కనిపిస్తాయి. అయినా 2022, 2024లో మాస్టర్స్, 2024లో పారిస్ ఒలింపిక్స్ స్వర్ణం, 2025లో పీజీఏ చాంపియన్‌షిప్, ఓపెన్ గెలిచారు. చిన్ననాటి నుంచీ ఆయనకు కోచ్‌గా ఉన్న ర్యాండీ స్మిత్ ఆ పాదాన్ని సరిచేయడానికి పూనుకోలేదు. తాకే క్షణంలో క్లబ్బు తల సరిగ్గా ఉందా లేదా అన్నదే ముఖ్యం. షెఫ్లర్ విషయంలో అది దాదాపు ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది. ఆ జారుడు తుంటి తిరగడానికి చోటిస్తుందే తప్ప తూకాన్ని చెడగొట్టదు.

కొట్టి నడిచిపోయే ప్లేయర్

దక్షిణాఫ్రికాకు చెందిన గ్యారీ ప్లేయర్ పొట్టి మనిషి, గెలిచినవి మాత్రం 9 మేజర్లు. బంతిని కొట్టాక ఆయన కుడి కాలు ఎడమ కాలిని దాటి ముందుకు అడుగు వేసేది, అక్కణ్నుంచే నడక సాగించినట్టు. బరువంతా ముందుకు పోయిందనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు. కుడి కాలి మీదే బరువు ఉండిపోయేవాళ్లకు కోచ్‌లు నేటికీ ఈ అడుగును అభ్యాసంగా ఇస్తుంటారు.

బరువు మారే దారులు రెండు

దెబ్బ కొట్టే వేళకు బరువంతా ఎడమ పాదం మీదికి రావాల్సిందేనని అందరూ చెప్తారు. ఆస్ట్రేలియా పరిశోధకులు కెవిన్ బాల్, రస్సెల్ బెస్ట్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో దానికి భిన్నమైన సంగతి తేలింది. కొందరిలో ఒత్తిడి ఎడమ పాదం మీదికి వెళ్లి అక్కడే ఉంటోంది. ఇంకొందరిలో ముందుకు వెళ్లి, బంతిని తాకే వేళకు కొంత వెనక్కి మళ్లుతోంది. ఈ రెండో పద్ధతి చేతకాని వాళ్లది మాత్రమే కాదు, మంచి ఆటగాళ్లలోనూ కనిపించింది. ఒకే పద్ధతి అందరికీ రుద్దకూడదనడానికి ఇది మంచి ఆధారం.

నడుం తిరిగేది కొంచెమే

‘నడుం తిప్పి కొట్టు’ అంటాం గానీ, నడుం దగ్గరున్న అయిదు వెన్నుపూసలు తిరగడానికి పెద్దగా వీలివ్వవు. వాటి కీళ్ల అమరిక వంగడానికి, నిటారవడానికి అనువైనది. స్వింగ్‌లో తిరగాల్సింది ముఖ్యంగా రెండు చోట్ల: కింద తుంటి కీళ్లు, పైన ఛాతీ వెనక వెన్ను. ఆ రెండూ బిగుసుకుపోతే భారమంతా మధ్యలో ఉన్న నడుం మోస్తుంది. గోల్ఫర్లను ఎక్కువగా వేధించే బాధల్లో నడుంనొప్పి ముందుండటానికి ఇదొక కారణం. టైగర్ వుడ్స్ 2017లో నడుం దిగువన వెన్నుపూసల్ని కలిపేసే శస్త్రచికిత్స చేయించుకున్నారు. రెండేళ్లకే, 2019లో, మాస్టర్స్ గెలిచారు.

విరిగిన కాలితో 91 హోల్స్

కుర్రతనంలో వుడ్స్ బంతిని తాకే క్షణంలో ఎడమ మోకాలిని ఒక్కసారిగా నిటారు చేసేవారు. దూరం దండిగా వచ్చేది, కానీ మోకాలి మీద భారం పడేది. 2008 యు.ఎస్. ఓపెన్ ఆడే నాటికి ఆ మోకాలి ముఖ్య స్నాయువు దెబ్బతిని ఉంది, కాలి ఎముకకు పగుళ్లు కూడా ఉన్నాయి. టోరీ పైన్స్‌లో కుంటుతూనే 4 రోజులు ఆడారు. అయిదో రోజు ప్లేఆఫ్‌లో రోకో మీడియేట్‌ను 91వ హోల్ దగ్గర ఓడించారు. ఆ తర్వాత శస్త్రచికిత్సకు వెళ్లి, మిగతా సీజన్‌కు దూరమయ్యారు.

వెన్ను వంకరైనా స్వింగ్ తనదే

పీజీఏ టూర్‌లో ఆడుతున్న సాహిత్ తీగల మన తెలుగు కుటుంబం బిడ్డ. తల్లిదండ్రులు హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లారు, అతను 1997లో కాలిఫోర్నియాలో పుట్టాడు. అతనికి వెన్నెముక పక్కకు వంగే స్కోలియోసిస్ ఉంది. స్వింగ్‌లో ఒళ్లు పక్కకు బాగా వాలుతుంది, అచ్చం పుస్తకంలో బొమ్మలా ఉండదు. తన ఒంటికి నప్పిన పద్ధతినే అతను పదునుపెట్టుకున్నాడు. 2023లో నాపాలో జరిగిన ఫార్టినెట్ చాంపియన్‌షిప్‌తో టూర్‌లో తొలి టైటిల్ అందుకున్నాడు. 2024 ప్రెసిడెంట్స్ కప్‌లో అమెరికా జట్టులో ఆడాడు.

ఇసుకలో చేయి పెట్టకూడదు, కాలు పెట్టొచ్చు

బంతి బంకర్‌లో, అంటే ఇసుక గుంటలో పడిందనుకోండి. ఇసుక ఎంత లోతో, ఎంత మెత్తనో తెలుసుకోవడానికి చేత్తోనో క్లబ్బుతోనో తాకి చూడటం నిబంధనలకు విరుద్ధం. నిలదొక్కుకోవడానికి పాదాలను కొంతమేర ఇసుకలోకి దించుకోవడం మాత్రం తప్పు కాదు. తెలివైన ఆటగాడు అలా పాదాలు కుదుర్చుకుంటూనే అరికాళ్లతో ఇసుక గుట్టు కనిపెట్టేస్తాడు.

పాదాలపై పడ్డ నిషేధం

వయసు మళ్లాక సామ్ స్నీడ్‌కు బంతిని హోల్‌లోకి నెట్టేటప్పుడు చేతులు వణకడం మొదలైంది. దాంతో 1966లో ఆయన బంతి వెళ్లే గీతకు అటొక కాలు, ఇటొక కాలు వేసి ఎదురుగా నిలబడి కొట్టడం మొదలెట్టారు. ఆటపెద్దలకు అది నచ్చలేదు. 1968 నుంచి గ్రీన్ మీద, అంటే హోల్ చుట్టూ ఉండే పొట్టి గడ్డి మీద, ఆ గీతకు చెరోవైపు కాలు వేసి ఆడటాన్ని నిషేధించారు. స్నీడ్ ఊరుకుంటారా? రెండు కాళ్లూ గీతకు ఒకే పక్కన పెట్టి ఎదురుచూపుతోనే కొట్టారు. నిబంధన నేటికీ ఉంది.

ఎత్తుపల్లాల లెక్క

నేల వాలును బట్టి బంతి దారి మారుతుంది. బంతి పాదాల కంటే ఎత్తులో ఉంటే ఎడమవైపు పోవడానికి, పాదాల కంటే పల్లంలో ఉంటే కుడివైపు పోవడానికి చూస్తుంది. ఎగువకు కొడితే ఎత్తుగా లేచి త్వరగా పడుతుంది. వాలు మీద నిలబడ్డప్పుడు తుంటిని పూర్తిగా తిప్పబోతే తూలిపోతాం. అందుకే పెద్ద క్లబ్బు తీసుకుని, స్వింగ్ తగ్గించి, పాదాలు నిలిపి కొట్టమంటారు.

మేకుల బూట్ల కథ

పాదం జారకూడదని ఒకప్పుడు గోల్ఫ్ బూట్లకు లోహపు మేకులుండేవి. పట్టు దొరికేది గానీ గ్రీన్ల మీది గడ్డి చిల్లులు పడేది. 1990ల్లో ప్లాస్టిక్ మేకులు వచ్చాక క్లబ్‌లు ఒక్కొక్కటిగా లోహపు మేకుల్ని నిషేధించాయి. బూటు చేసిన గీతల్ని గ్రీన్ మీద సరిచేసుకోవడానికి ఆటగాళ్లకు అనుమతి వచ్చింది మాత్రం 2019 నిబంధనలతోనే.

మీరే చేసుకోగల పరీక్ష

షెఫ్లర్ పాదం జారుతుంది, థామస్ మడమ లేస్తుంది, నిక్లాస్ మడమ దిగుతుంది. తీరులు వేరైనా వీళ్లందరిలో ఉమ్మడి లక్షణాలు మూడు: నేలను నెట్టడం, కింది నుంచి పైకి వరుసగా తిరగడం, చివరిదాకా తూకం తప్పకపోవడం. మీరు గోల్ఫ్ నేర్చుకుంటుంటే కొత్త క్లబ్బు కొనేముందు ఈ చిన్న పరీక్ష చేసి చూడండి. బంతిని కొట్టాక ఛాతీ, నడుం లక్ష్యం వైపు తిరిగి ఉండాలి. బరువంతా ఎడమ పాదం మీద ఉండాలి. కుడి పాదం బొటనవేలి మొన మాత్రమే నేలను తాకాలి. ఆ భంగిమలో మూడు అంకెలు లెక్కపెట్టేదాకా తూలకుండా నిలబడగలిగితే మీ కాళ్లు దారిలో ఉన్నట్టే. నిలబడలేకపోతే జోరు తగ్గించి, మళ్లీ పాదాల దగ్గర నుంచే మొదలుపెట్టండి.